పిడి మారితే.. పాత కత్తి మళ్లీ చేతికొస్తుంది

• మేకుల డబ్బాలో పడున్న మడత కత్తికి ఇంట్లోనే మరమ్మతు
• తుమ్మ చెక్క, రాగి తీగ, కాస్త ఓపిక ఉంటే చాలు

ఆరణి: బ్లేడు బాగానే ఉంటుంది. సానరాయి మీద నాలుగుసార్లు రుద్దితే నిమ్మకాయను ఇట్టే కోస్తుంది. పాడయ్యేది పిడే. ఒక పక్క చెక్క ఊడిపోతుంది. రెండో పక్కది పగులుతుంది. లోపలి రేకు అరచేతికి గీసుకుంటుంది. ‘ఇక లాభం లేదు’ అనుకుని ఆ మడత కత్తిని మేకుల డబ్బాలో పడేస్తారు. తాత జాతరలో కొన్నదో, నాన్న సంతలో బేరమాడి తెచ్చిందో.. పారేయడానికి మనసొప్పదు, వాడడానికి చేయి రాదు. అలా ఏళ్లకు ఏళ్లు అది డబ్బాలోనే తుప్పు పడుతుంది.

నిజానికి కత్తికి ప్రాణం బ్లేడులో ఉంటుంది. పిడి చొక్కా లాంటిది. చినిగితే మార్చుకోవచ్చు. పొలాల్లో గొడ్డలి కామ విరిగితే గొడ్డలిని ఎవరూ పారేయరు కదా! కొత్త కామ దూర్చి, సందులో చిన్న చీలిక కొట్టి మర్నాడే కట్టెలు కొడతారు. జేబు కత్తి దగ్గరికి వచ్చేసరికే ఆ సంగతి మరిచిపోతున్నారు. చవక కత్తికి ఇంత శ్రమ అవసరమా అన్న ప్రశ్న వస్తోంది. అవసరమే. పాత కత్తుల్లో చాలావాటిది కార్బన్ ఉక్కు. తుప్పు పడుతుంది గానీ, ఇంట్లో ఉన్న సానరాయికే పదునెక్కుతుంది. పిడి వదులైన కత్తి మాత్రం పదునున్నా లేనట్టే. పైగా ప్రమాదం.

ఏటి ఒడ్డున కత్తికి పని

ఇది పట్టుచీరల ఆరణి కాదు. తిరువళ్లూరు జిల్లాలోని ఆరణి. పిచ్చాటూరు దగ్గర ఆనకట్ట దాటి సురుటుపల్లి, ఊతుకోట, పెరియపాళెం మీదుగా వచ్చే ఆరణియారు ఒడ్డున ఉన్న ఊరు. ఇలాంటి ఊళ్లలో జేబు కత్తికి పని ఎప్పుడూ ఉంటుంది. మూటకు కట్టిన తాడు తెంపాలన్నా, వేప పుల్ల చెక్కాలన్నా, మామిడికాయ ముక్క కోయాలన్నా, కరెంటు వైరు తోలు ఒలవాలన్నా అదే. అన్నిటికన్నా నాజూకు పని మామిడి అంటు కట్టడం. చెట్టు కొమ్మకు, అంటు పుల్లకు పడే కోతలు రెండూ నున్నగా, ఒకదానికొకటి సరిగ్గా అతికేలా ఉండాలి. మధ్యలో సందు ఉంటే అంటు పట్టదు. పిడి చేతిలో కదిలితే కోత వంకర పోతుంది. చేతికి కుదిరిన కత్తిని తోటమాలి వదులుకోకపోవడానికి కారణం ఇదే.

పిడి ఎందుకు పోతుంది?

మొదటి శత్రువు నీళ్లు. కడిగి ఆరబెట్టకుండా మడిచి జేబులో పెడితే చెమ్మ పక్క చెక్కల కిందికి చేరుతుంది. అక్కడ రేకు తుప్పు పడుతుంది. ఇనుము కన్నా తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కింద నుంచి ఉబ్బి పిడి చెక్కను పైకి నెడుతుంది. చెక్క సీల దగ్గర పగులుతుంది. చెక్క కూడా నీళ్లు తాగితే అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే సీల రంధ్రం వదులైపోతుంది.

ముత్యపు మెరుపుతో, రంగురంగుల చారలతో ఉండే పాత పిడులు కొన్ని సెల్యులాయిడ్‌వి. ఇది తొలినాటి ప్లాస్టిక్. కాలం గడిచేకొద్దీ తనంతట తానే చెడుతుంది. ముడుచుకుని బీటలు వారుతుంది. అప్పుడు వెలువడే ఆమ్లపు ఆవిరి పక్కనున్న ఉక్కును తినేస్తుంది. ఒక కత్తి మాత్రమే లోలోపల తుప్పు పట్టి, పక్కనున్నవి బాగుంటే పిడిని అనుమానించాలి. సెల్యులాయిడ్‌కు నిప్పు తగిలితే భగ్గున మండుతుంది. అది అవునో కాదో చూద్దామని అగ్గిపుల్ల గీయొద్దు.

విప్పే ముందు చూడాల్సింది

ప్రతి కత్తీ మరమ్మతుకు లొంగదు. ముందు బ్లేడును తెరిచి అటూ ఇటూ కదిపి చూడాలి. ఇరుసు దగ్గర బాగా ఊగుతుంటే, వెనక స్ప్రింగు విరిగి ఉంటే, బ్లేడు అరిగి సన్నబడి ఉంటే ఆ కత్తి జోలికి పోకపోవడమే మేలు. పిడి కొత్తదైనా బ్లేడు వేళ్ల మీద మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది.

ముందు కొసన లోహపు టోపీ ఉన్న కత్తి అయితే పని సులువు. ఇరుసు సీల ఆ టోపీ కిందే ఉంటుంది. దాన్ని ముట్టుకోనక్కర్లేదు. వెనకున్న పక్క చెక్కలు రెండూ మారిస్తే సరిపోతుంది. టోపీ లేకుండా ఇరుసు సీల చెక్కలోంచే వెళ్లే కత్తి అయితే మొదటిసారి చేసేవాళ్లు అనుభవం ఉన్న కమ్మరి చేతనో, వడ్రంగి చేతనో చేయించుకోవడం మంచిది.

ఏ చెక్క వాడాలి?

ఖరీదైన కలప అక్కర్లేదు. బండి చక్రాలకు, నాగళ్లకు వాడిన నల్లతుమ్మ ఉండనే ఉంది. తమిళంలో కరువేలం అంటారు. గట్టిది, దెబ్బకు ఆగుతుంది. చెరువుల నిండా పాకి అందరితో తిట్లు తింటున్న సర్కారు తుమ్మ కూడా పిడికి పనికొస్తుంది. తమిళులు సీమ కరువేలం అనే ఈ చెట్టు కలప ఎండాక పెద్దగా ముడుచుకోదు. విరిగిన పాత కిటికీ రెక్కలోని టేకు ముక్కా పనికొస్తుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి జిగురు పెట్టే ముందు థిన్నర్‌తో తుడవాలి.

ఏ చెక్కయినా బాగా ఎండి ఉండాలి. పచ్చి చెక్క ఈరోజు బిగుతుగా ఉంటుంది, నాలుగు నెలలకు సీల చుట్టూ వదులవుతుంది. చార పిడి పొడవునా ఉండేలా ముక్క కోయాలి. అడ్డంగా ఉంటే సుత్తి దెబ్బకే చీలుతుంది. మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందం చాలు.

వీటి జోలికి వద్దు

సరిహద్దు ఊళ్లలో ఒక హెచ్చరిక తప్పనిసరి. ఎర్రచందనం ముక్క ఎక్కడో దొరికిందని పిడి చేయించుకుంటే కోరి కష్టాలు తెచ్చుకున్నట్టే. ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోని శేషాచలం తదితర కొండల్లో. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. కాగితాలు లేని కలప దగ్గరుంటే కేసే. చిన్న ముక్కే కదా అంటే కుదరదు.

జింక, దుప్పి కొమ్ము పిడులదీ అదే దారి. ఒకప్పుడు వాటికి మహా గిరాకీ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వాటిని కొనడం, అమ్మడం ప్రమాదం. దంతం సంగతి చెప్పనే అక్కర్లేదు. కొమ్ము పిడే కావాలనుకుంటే గేదె కొమ్ము ఉంది. వేడినీళ్లలో నానితే మెత్తబడుతుంది. బల్ల మీద అదిమిపెట్టి చల్లారనిస్తే చదునవుతుంది.

అసలు పని ఇలా..

ముందుగా కత్తిని మూసి, బ్లేడు బయటికి రాకుండా గుడ్డ చుట్టి టేపు వేయాలి. ఈ ఒక్క జాగ్రత్త మరిచిపోతేనే వేళ్లు తెగేది. పాత పిడి రెండు పక్కలా ఎలా ఉందో సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకుంటే తర్వాత తికమక ఉండదు.

పాత సీల తలను ఒక పక్క ఆకురాయితో అరగదీయాలి. తల పోయాక, కొన చదును చేసిన మేకును దానిపై ఆనించి సుత్తితో మెల్లగా తడితే సీల రెండో పక్కకు దిగుతుంది. అన్ని సీలలూ ఒకేసారి తీయకూడదు. వెనక స్ప్రింగు బిగువుతో ఉంటుంది. సీలలన్నీ పోతే ఎగిరి కంటికి తగలొచ్చు. ఒకటి తీయగానే అంతే లావు మేకును దాని చోట తాత్కాలికంగా దూర్చి, తర్వాత రెండోదాని దగ్గరికి వెళ్లాలి. కళ్లద్దాలు పెట్టుకోవడం మరీ మంచిది.

పాత చెక్కలు ఊడాక లోపలి రేకుల మీది తుప్పును గరుకు కాగితంతో రుద్ది, కిరసనాయిలుతో తుడిచి ఆరనివ్వాలి. కొత్త చెక్కను రేకు మీద ఆనించి, రేకులోని రంధ్రాన్నే దారిగా చేసుకుని బరమాతో తొలచాలి. ఒక రంధ్రం వేసి, అందులో సీల దూర్చి, కదలకుండా పట్టుకుని రెండోది వేయాలి. అంచనాతో విడిగా కొలిచి వేస్తే వెంట్రుకవాసి తేడా వచ్చినా సీల దిగదు. బలవంతంగా కొడితే చెక్క చీలుతుంది.

చెక్క ముందరి అంచును, అంటే లోహపు టోపీకి ఆనే అంచును, అతికించక ముందే నున్నగా చేసుకోవాలి. తర్వాత అక్కడికి గరుకు కాగితం దూరదు. మిగతా చుట్టుకొలత కాస్త పెద్దదిగా ఉన్నా పర్లేదు. అతికించాక అరగదీయొచ్చు.

ఇరుసులో జిగురు పడితే అంతే..

రెండు ట్యూబుల్లో వచ్చే ఆరల్డైట్ లాంటి జిగురు ఈ పనికి సరిపోతుంది. ప్యాకెట్ మీద రాసిన పాళ్లలోనే కలపాలి. పలుచగా పూయాలి. ఎక్కువ పూస్తే అదుముడుకు లోపలికి కారుతుంది. అది ఇరుసులోకో, స్ప్రింగు సందులోకో పోయిందంటే కత్తి జన్మలో తెరుచుకోదు. అందుకే ముందుగా ఇరుసు చుట్టూ కాస్త వ్యాజిలిన్ రాస్తే జిగురు అక్కడ పట్టదు. చెక్కకు మాత్రం వ్యాజిలిన్ అంటకూడదు.

అతికించిన పిడికి సైకిల్ ట్యూబు ముక్కను పట్టీలా కోసి బిగుతుగా చుట్టి, ఒక రోజు కదపకుండా ఉంచాలి. ఇంట్లో క్లాంపు లేనివాళ్లకు ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

సీలకు రాగి, ఇత్తడి తీగ మేలు. మెత్తగా ఉంటాయి, తుప్పు పట్టవు. ఇనుప మేకే వాడాలంటే ఎర్రగా కాల్చి బూడిదలో నిదానంగా చల్లారనివ్వాలి. అప్పుడు మెత్తబడి సుత్తికి లొంగుతుంది. సీల రెండు పక్కలా దాని మందమంత, అంటే రెండు మిల్లీమీటర్ల సీలకు రెండు మిల్లీమీటర్లు బయటికి ఉండేలా కోసుకోవాలి. కింద ఇనుప దిమ్మె పెట్టి, పైన చిన్న సుత్తితో చుట్టూ తిప్పుతూ తట్టాలి. కొట్టడం కాదు, తట్టడం. ఒక పక్క పది తట్లు, తిప్పి రెండో పక్క పది తట్లు. సీల తల పుట్టగొడుగులా విచ్చుకుని చెక్కను పట్టుకుంటుంది. ప్రతి పదీ ఇరవై తట్లకు కత్తిని తెరిచి మూసి చూడాలి. బిగుసుకుపోతున్నట్టు అనిపిస్తే ఆపేయాలి.

చివరిగా గరుకు కాగితం. 80 నంబరుతో మొదలుపెట్టి 120, 220, 400 దాకా వెళితే పిడి అద్దంలా నున్నబడుతుంది. ఈ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. నునుపయ్యాక పచ్చి అవిసె నూనె రెండు మూడు పూతలు, ఒక పూత బాగా ఆరాకే తర్వాతిది. అవిసె నూనె గాలికి గట్టిపడి పొరలా నిలుస్తుంది. కొబ్బరినూనె అలా గట్టిపడదు. నూనె తుడిచిన గుడ్డను ముద్ద చేసి మూలన పడేయకూడదు. అది తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, విప్పి ఆరేయాలి.

ఒంటి చెక్క పిడి అయితే..

రేకులు, స్ప్రింగు లేకుండా ఒకే కర్రకు గాడి తీసి, ఒక్క సీలతో బ్లేడు బిగించిన కత్తులు ఇంకా సులువు. ఎండిన కర్ర ముక్క తీసుకుని రంపంతో గాడి కోయాలి. మడిచినప్పుడు పదును గాడి అడుగుకు తగలకూడదు, మొన బయటికి రాకూడదు. ఆ రెండూ చూసుకుని సీల రంధ్రం వేస్తే పని అయినట్టే. ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన రైతు కత్తిదీ ఈ పద్ధతే. చెక్క పిడి, గాడి, ఒక ఇరుసు. బ్లేడు కదలకుండా పట్టే తిరుగుడు కట్టును 1955లో చేర్చారు. నేటికీ ఆ కత్తి ప్రపంచమంతా అమ్ముడవుతోంది.

పొయ్యిలో పెట్టొద్దు

పాత పిడిని వదిలించడానికి కత్తిని పొయ్యిలో పెట్టే అలవాటు కొందరికి ఉంది. కత్తికి అంతకంటే ద్రోహం లేదు. సుమారు 300 డిగ్రీల వేడికి ఉక్కు నీలం రంగు తిరుగుతుంది. అప్పటికే దాని గట్టిదనం తగ్గి ఉంటుంది. తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు. వంటింటి కత్తి తోకను కాల్చి లక్కతో పిడిలోకి దించే కమ్మరులు కూడా బ్లేడుకు తడిగుడ్డ చుట్టేది అందుకే.

రెండు భాషలు.. ఒకే పిడి

ఈ పనికి కావాల్సిన సామాను ఏ హార్డ్‌వేర్ అంగట్లోనైనా దొరుకుతుంది. ఏ భాషలో అడగాలన్న బెంగ కూడా పెద్దగా లేదు. కత్తి రెండు భాషల్లోనూ కత్తే. పిడి తమిళంలోనూ పిడే. ఉలి, రంపం, సుత్తి, సాన.. అన్నీ చిన్న యాస తేడాతో అటూ ఇటూ అవే మాటలు. ఆకురాయి దగ్గర మాత్రం అరం అనాలి, మేకును ఆణి అనాలి, గరుకు కాగితాన్ని ఉప్పుత్తాళ్ అనాలి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. సత్యవేడు ప్రాంతం ఇటు నుంచి ఆంధ్రలో కలిసింది. హద్దు రాళ్లు జరిగాయి గానీ కొలిమి దగ్గరి మాటలు జరగలేదు.

మడత కత్తి కూడా ఈ నేలకు కొత్త కాదు. తాటాకుల మీద రాసే రోజుల్లో ఆకు అంచులు కోయడానికి చిన్న కత్తి, రాయడానికి గంటం కావాల్సి వచ్చేవి. రెండింటినీ ఒకే పిడిలోకి మడిచేలా చేసిన గంటాన్ని తమిళంలో మడక్కెళుత్తాణి అంటారు. ఒక కొసన కత్తి, రెండో కొసన గంటం.

పిడి బాగుచేత నుంచి పరిశ్రమ

పిడి బాగుచేత చిన్న పనే. కానీ ఒకసారి అదే పెద్ద పరిశ్రమకు దారి తీసింది. ఇంగ్లండులోని షెఫీల్డ్ కత్తులకు పేరున్న ఊరు. అక్కడ థామస్ బౌల్సోవర్ అనే పనివాడు సుమారు 1743లో ఒక కత్తి పిడిని బాగు చేస్తుండగా వేడి ఎక్కువై వెండి, రాగి అతుక్కుపోయాయని చెబుతారు. సాగగొడితే రెండూ ఒకే రేకులా సాగాయట. లోపల రాగి, పైన వెండి. ఆ రేకుతో ఆయన గుండీలు చేశాడు. తర్వాత అదే ‘షెఫీల్డ్ ప్లేట్’గా పేరు తెచ్చుకుంది. వెండి కొనలేని మధ్యతరగతి ఇళ్లలోకి వెండి మెరుపు అలా వచ్చింది.

ఇంతకీ అది తాత కత్తేనా?

పిడి మార్చాక ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడగకుండా ఉండరు. గ్రీకు రచయిత ప్లూటార్క్ కాలం నాటికే ఇది పాత చర్చ. థీసియస్ ఓడకు పుచ్చిన పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చేస్తే అది అదే ఓడా, వేరే ఓడా అని పండితులు వాదించుకునేవారట. ఊళ్లో జనం ఇంత దూరం ఆలోచించరు. బాణలి చెవి ఊడితే మాటు వేయిస్తారు, అయినా అది అమ్మమ్మ బాణలే. కత్తీ అంతే. వాడుతున్నంత కాలం అది తాత కత్తే. డబ్బాలో తుప్పు పడితేనే పాత ఇనుము.

మరమ్మతు హక్కు గురించి ఇప్పుడు అంతటా మాటలు వినిపిస్తున్నాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో దీనిపై కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా మొదలుపెట్టింది. ఫోన్లు, కార్లు, ట్రాక్టర్లు కొన్నవాళ్లు విడిభాగాల కోసం కంపెనీల చుట్టూ తిరగకూడదన్నది ఉద్దేశం. జేబు కత్తికి ఆ తిప్పలు లేవు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండు సీలలు, రెండు చెక్కలు. విప్పితే లోపలంతా కనిపిస్తుంది. ఇంట్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే వాళ్లకూ ఒక వస్తువు ఎలా నిలబడుతుందో తెలుస్తుంది. అయితే కత్తి మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి.

ఆయుధ పూజ నాడు గంధం, కుంకుమ పెట్టే పనిముట్ల వరుసలో ఆ కత్తికీ మళ్లీ చోటు దక్కుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

• మొదటిసారి చేసేవాళ్లు బాగా ఇష్టమైన కత్తితో మొదలుపెట్టొద్దు. మామూలు కత్తితో చేయి తిప్పుకున్నాకే తాత కత్తి పట్టాలి.

• కడిగిన వెంటనే తుడిచి, తెరిచి ఆరబెట్టాకే మడవాలి. నీళ్లలో నానబెట్టకూడదు.

• ఇరుసులో నెలకోసారి ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి, పైకి వచ్చింది తుడిచేయాలి.

• పిడి కొత్తదయ్యాక మొదటి వారం రోజులూ మెత్తటి పనులకే వాడాలి. సీల కదిలితే అప్పుడే తెలుస్తుంది.

• జేబు కత్తితో డబ్బా మూతలు తెరవడం, స్క్రూలు తిప్పడం చేస్తే పిడి మళ్లీ మొదటికొస్తుంది.

• ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేడును ఆయుధంగా లెక్కిస్తారు. వంటకు, వ్యవసాయానికి తయారైన వాటికి మినహాయింపు ఉంది. చిన్న జేబు కత్తిని కూడా విమానంలో చేతి సంచిలో తీసుకెళ్లనివ్వరు.